ఎలుకకి టెన్షన్ తగ్గింది, సరే. మన సంగతో?

ఎం.ఫార్మసీ థీసిస్‌ల్లో ఎలుకకి టెన్షన్ తగ్గించని ఆకు ఇంతవరకు నా కంట పడలేదు. ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీలకి వైవాలు చెయ్యడానికి కూడా వెళ్తుంటాను. ఉదయగిరి కొండ మీద కోసుకొచ్చిన ఆకైనా, గిద్దలూరు దాటాక నల్లమల అంచున తవ్వుకొచ్చిన వేరైనా, పెరట్లో తులసైనా, చివరి పేజీలో వాక్యం ఒకటే ఉంటుంది. ఈ ఎక్స్‌ట్రాక్ట్‌కి (లాగిన సారానికి) ఆందోళన తగ్గించే గుణం గణనీయంగా కనిపించింది, మనుషుల్లో ఇంకా పరిశోధన జరగాలి అని. ఆ జరగాల్సింది ఎవరూ జరిపించరు. పై ఏడాది బ్యాచ్ ఇంకో ఆకు తెచ్చుకుంటుంది.

నేననేది ఏమిటంటే, మనుషులు తరతరాలుగా తింటున్న ఆకు టెన్షన్‌కి పనిచేస్తుందా లేదా అని ఇంకోసారి ఎలుకని అడగక్కర్లేదు. మనుషుల్నే అడగాలి, పద్ధతి ప్రకారం అడగాలి. ఎలుక మాత్రమే చెప్పగలిగిన సంగతులు కొన్నున్నాయి, దాన్ని వాటి కోసం ఉంచుకోవాలి. ఈ మాట స్టాఫ్ రూములో అంటే సగం మంది నవ్వుతారు, మిగతా సగం "మరి పిల్లల ప్రాజెక్టులు ఎలా సార్?" అంటారు. ఆ రెండో ప్రశ్నకి చివర్లో వస్తాను.

ముందు ఎలుకకి పెట్టే పరీక్ష సంగతి. దాన్ని ప్లస్ మేజ్ అంటారు. ప్లస్ గుర్తు ఆకారంలో ఒక చెక్క ఉంటుంది, నేల నుంచి అర మీటరు ఎత్తున. ఎలుకలకైతే ఒక్కో చెయ్యి 50 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. ఎదురెదురుగా ఉన్న రెండు చేతులకి 40 సెంటీమీటర్ల గోడలుంటాయి, మిగతా రెండింటికి ఏమీ ఉండవు. ఎలుకని మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. ఎలుకకి గోడ వార నడవడం ఇష్టం. బయలంటే, ఎత్తంటే భయం. అట్లాగని కొత్త చోటు చూడకుండానూ ఉండలేదు. ఆ భయానికీ ఈ కుతూహలానికీ మధ్య జరిగే గుంజాటనే మనం కొలిచేది. మందిచ్చిన ఎలుక గోడల్లేని చేతుల మీద ఎక్కువసేపు గడిపితే దానికి భయం తగ్గిందని లెక్క. 1984లో హాండ్లీ, మిఠానీ ఈ పరికరం గురించి రాశారు. మరుసటి సంవత్సరం పెలో, ఫైల్, వాళ్ల తోటివాళ్లు ఎలుకల మీద దీన్ని నిలబెట్టి చూపించారు. ఖర్చు లేదు, కరెంటు షాకు లేదు, ఎలుకకి ముందుగా ఏదీ నేర్పాల్సిన పని లేదు. కొలతలు రాసిస్తే మన ఊరి వడ్రంగి చేసిపెడతాడు. అందుకే ప్రపంచమంతా పాకింది, మన జిల్లాలకీ వచ్చింది.

గ్రూపుకి ఆరు చొప్పున ఐదు గ్రూపులు, ముప్పై ఎలుకలు. ఒక గ్రూపుకి ఉత్త ద్రావణం, ఒక దానికి ఆందోళన తగ్గించే పాత మందు డయాజిపామ్, మిగతా వాటికి మన ఆకు ఎక్స్‌ట్రాక్ట్ తలా ఒక డోసులో. ఈ డోసుల్లో ఎప్పుడు చూసినా కిలో బరువుకి 200, 400 మిల్లీగ్రాములు తప్పకుండా ఉంటాయి. ఎందుకని వైవాలో అడిగితే పిల్లలు "లిటరేచర్ ప్రకారం సార్" అంటారు. అసలు కారణం చాలా మామూలుది. ముందుగా విషగుణం చూసే పరీక్షలో 2000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూస్తారు. ఏ ఎలుకా చావదు, అందులో పదో వంతు 200. దానికి రెట్టింపు 400. ఆకు ఏదన్న దానితో దీనికి సంబంధమే లేదు.

అసలు తిరకాసు డయాజిపామ్ దగ్గరుంది. ఆ కుటుంబంలో మొదటి మందు క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో, డయాజిపామ్ 1963లో బజారుకి వచ్చాయి. ప్లస్ మేజ్ పనికొచ్చే పరీక్షా కాదా అని తేల్చింది ఇలాంటి మందులతోనే: అవి ఇస్తే ఎలుక బయటికి వచ్చింది, కాబట్టి పరీక్ష మంచిదే అన్నారు. వల కన్ను ఏ చేపకి అల్లితే ఆ చేపే పడుతుంది. డయాజిపామ్ లాగా పనిచేసేవాటిని ఈ చెక్క బాగానే పట్టుకుంటుంది. మరి వేరే దారిలో పనిచేసేవి? ఈ రోజు ఏ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లినా ఆందోళన జబ్బుకి ముందుగా రాసేవి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. అవి మనుషుల్లో పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. ఆ జాతి మందుల్ని ఒక్క డోసిచ్చి ఎలుకని మేజ్ మీద వదిలితే చాలాసార్లు మార్పు ఉండదు, కొన్నిసార్లు భయం ఇంకా పెరుగుతుంది. బస్పిరోన్ మనుషులకి ఆందోళన మందుగానే అమ్ముతారు, ఈ మేజ్‌లో అది ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది. ఎస్సిటలోప్రామ్ గనక ఉదయగిరి కొండ మీద ఆకులో దొరికి ఉంటే, మన ల్యాబులో మూడో రోజుకే దాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లం.

ఇక పాసైన ఆకుల సంగతి. ఓ అమ్మాయి సంబరంగా పరిగెత్తుకొచ్చింది. "సార్, డయాజిపామ్ గ్రూప్ కంటే మన 400 గ్రూపుకే ఎక్కువ వచ్చింది సార్!"

"ఎంత తిరిగాయమ్మా మొత్తం మీద?"

"తిరగడం తగ్గింది సార్. బయటికి వెళ్లినవి అక్కడే కూర్చున్నాయి."

అదీ కథ. ధైర్యం వచ్చి కూర్చుందో, మత్తొచ్చి కూలబడిందో స్టాప్‌వాచ్‌కి తెలియదు. అందుకే మొత్తం ఎన్నిసార్లు చేతులు మారింది లెక్కపెట్టాలి, యాక్టోఫోటోమీటర్‌లో కదలికలు చూడాలి, తిరిగే కడ్డీ మీద ఎంతసేపు నిలబడుతుందో చూడాలి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. చేసినవాళ్లు కూడా ఫలితాల్ని విడివిడి పట్టికల్లో వేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. ఒకసారి మేజ్ ఎక్కిన ఎలుకని రెండోసారి ఎక్కిస్తే డయాజిపామ్ కూడా దాని మీద సరిగ్గా పనిచెయ్యదు. ఇది 1990 నుంచి తెలిసిన విషయం. అయినా కొన్నిచోట్ల మొదటి రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు అంటూ అదే ఎలుకని మళ్లీ మళ్లీ ఎక్కిస్తుంటారు. ఏ ఎలుకకి ఏ మందు పట్టారో తెలిసిన పిల్లే స్టాప్‌వాచ్ కూడా పట్టుకుంటుంది. మగవాళ్ల ఒంటి వాసనకే ఎలుకలకి ఒత్తిడి పెరుగుతుందని 2014లో ఒక పరిశోధన అచ్చయింది, మన యానిమల్ హౌసులో అటెండరు ఒక రోజు వస్తాడు, ఒక రోజు వాళ్లావిడ వస్తుంది. గది 22 డిగ్రీల దగ్గర ఉండాలని రూలు. థీసిస్‌లో ఎప్పుడూ 22 అనే ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎలా ఉంటుందో, మధ్యాహ్నం కరెంటు పోతే రేకుల షెడ్డు ఎలా ఉంటుందో మనకి తెలియనిదా?

ఇవన్నీ దిద్దుకోవచ్చు. శ్రద్ధ ఉంటే మంచి మేజ్ ప్రయోగం మన ఊళ్లోనూ చెయ్యొచ్చు. కానీ దిద్దుకున్నా పోని ఇబ్బంది ఒకటుంది. ఆ ఎలుకకి జబ్బు లేదు. అది ఆరోగ్యంగా, కడుపు నిండా తిని, కొత్త చోటు చూసి ఐదు నిమిషాలు జంకిన ఎలుక. జంకడం దాని మంచికే. ఆందోళన జబ్బు అని డాక్టర్లు పేరు పెట్టాలంటే మామూలుగా ఆరు నెలల పాటు, చాలా రోజులు ఆ బాధ ఉండాలి. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్న మనిషిని తలుచుకోండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని నిద్ర లేదు. ఏరేటరు ఆగిన చప్పుడుకి, అదీ చప్పుడు లేకపోవడానికి, లేచి కూర్చుంటాడు. తెల్లమచ్చ తెగులు తగిలిందన్న మాట పక్క చెరువు నుంచి వస్తే అన్నం దిగదు. కొండపి, కనిగిరి వైపు పొగాకు రైతుకి వేలం రోజుల్లో ఇదే వరస. వీళ్ల గుండెదడకీ ఆ ఎలుక జంకుకీ ఏదో చుట్టరికం ఉండొచ్చు, మెదడులో కొన్ని దారులు ఇద్దరికీ ఒకటే. అంత మాత్రాన దీనికి తగ్గింది కనక వాడికీ తగ్గుతుందని ఎలా రాస్తాం?

డోసు లెక్క వేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. ఎలుక డోసుని మనిషి డోసుగా మార్చేటప్పుడు తిన్నగా బరువుతో గుణించకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ 2005లో ఇచ్చిన లెక్క ప్రకారం ఎలుక డోసుని ఆరుతో గుణించి 37తో భాగించాలి. 400 మిల్లీగ్రాములు కాస్తా కిలోకి సుమారు 65 అవుతుంది. 60 కిలోల మనిషికి రోజుకి 3.9 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. వంద గ్రాముల ఎండాకు నుంచి పది గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ దిగిందనుకుంటే, అది 39 గ్రాముల ఎండాకు. పచ్చి ఆకులో ఐదింట నాలుగు వంతులు నీళ్లే అనుకుంటే, దగ్గర దగ్గర 200 గ్రాముల పచ్చి ఆకు. రోజూ. అదీ ఆల్కహాలుతో సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో గంటల తరబడి లాగిన సరుకు. మనింట్లో పచ్చడి నూరే ఆకుకీ దీనికీ పేరొక్కటే పొత్తు. ఎలుక తిన్నది ఒకటి, మనం తినేది ఒకటి, రాసేది మాత్రం "సంప్రదాయ వైద్యంలో ఈ ఆకు వాడకం నిరూపితమైంది" అని!

మా పెద్దమ్మ ఆత్మకూరు నుంచి ఫోన్ చేసి అడిగింది. "ఒరేయ్, సరస్వతాకు తింటే గుండెదడ తగ్గుద్దంట గదా, ఎలకల మీద చూశారంట. ఆ బిళ్లలు మానేసి ఇదే తినేదా?" ఆవిడ వాడేది ఆల్ప్రజోలం. షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, షాపువాడు రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఎంతమంది రాస్తున్నారో మీరే చూస్తున్నారు. నెలల తరబడి వాడుతున్న ఆ మందుని ఒక్కసారిగా ఆపితే నిద్ర పోతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఆకు తినమన్నాను, బిళ్ల మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దన్నాను. మా థీసిస్ చివరి వాక్యం పేపర్లకీ, యూట్యూబుకీ పోయి, ఇంకో రూపంలో మా పెద్దమ్మ దగ్గరికే వచ్చింది.

ఆకుల్లో ఏమీ లేదని కాదు నా ఉద్దేశం. సర్పగంధ చరిత్ర చూడండి. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశపు వైద్యులు రక్తపోటుకీ, పిచ్చికీ ఆ వేరు పనిచేస్తోందని రోగుల్లో చూసి రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ తన రక్తపోటు రోగుల లెక్కలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశారు. ప్రపంచం కళ్లు తెరిచింది అప్పుడు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్లు అందులోంచి రిసర్పిన్‌ని విడదీశారు. ఆ మందు ఎలుకల్లో, కుందేళ్లలో ఏం చేస్తుందో చూడబట్టే మెదడు రసాయనాల గురించి మనకి చాలా సంగతులు తెలిశాయి. వరస గమనించారా? ముందు మనుషులు, తర్వాత ఎలుకలు. మనుషులకి మేలు కనిపించాక, ఎలా అని అడగడానికి జంతువు దగ్గరికి వెళ్లారు. మనం ఆ వరసని తలకిందులు చేసి, మొదటి మెట్టు మీదే కూర్చున్నాం. (రిసర్పిన్ వల్ల కొందరిలో కుంగుబాటు వచ్చిందని తర్వాత దాన్ని చాలావరకు పక్కన పెట్టారు. మొక్క నుంచి వచ్చిందంటే మెత్తనిదని అర్థం కాదు.)

సరస్వతి ఆకునే తీసుకుందాం. తడి ఉన్న కాలవ గట్ల మీద పాకే మొక్క, నేతిలో వేయించి పిల్లలకి పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 2000లో బ్రాద్వెయిన్, ఆయన సహచరులు నలభై మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని, కొందరికి ఈ ఆకు 12 గ్రాములు ఒకే విడత, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే మనిషి ఉలిక్కిపడతాడు కదా, ఆ ఉలికిపాటుని యంత్రంతో కొలిచారు. ఆకు తిన్నవాళ్లలో అరగంటకీ, గంటకీ ఆ ఉలికిపాటు తగ్గింది. కానీ "మీ మనసు ఎలా ఉంది?" అని అడిగితే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముప్పై ఎలుకలు ఎప్పటికీ చెప్పలేని మాట అది: ఒళ్లు ఉలిక్కిపడటం తగ్గింది, మనసుకి మాత్రం తేడా తెలియలేదు. ఆ ఒక్క పేపరు నాకు మా అల్మారాలో ఉన్న థీసిస్‌లన్నిటికంటే ఎక్కువ చెప్పింది.

"అయితే జంతువుల మీద చూడకుండా మనుషులకిచ్చేస్తారా? కృష్ణపట్నం మర్చిపోయారా?" అని అడిగేవాళ్లున్నారు. మర్చిపోలేదు. 2021 మే నెలలో కరోనాకని ఆనందయ్య పంచిన నాటుమందు కోసం ముత్తుకూరు రోడ్డు మీద అంబులెన్సులు బారులు తీరిన రోజులవి. మే 21న పంపిణీ ఆపారు, పరిశీలించారు, 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటిలో కొన్నింటికి ప్రభుత్వం అనుమతిచ్చింది. అప్పుడు జరిగింది మనుషుల మీద పరీక్ష కాదు. పరీక్ష అంటే ఎవరికి మందిచ్చాం, ఎవరికి ఇవ్వలేదు, ఎవరికి ఏమైంది అని ముందే గీసుకున్న కాగితం ఉండాలి. అక్కడ మందు ముందు వెళ్లింది, పరిశీలన వెనక పరిగెత్తింది. నేనడిగేది దానికి సరిగ్గా తలకిందులైన పద్ధతి.

కొత్తగా తయారైన రసాయనాన్ని ఎలుకలకి పెట్టకుండా మనిషికి పెట్టమని ఎవరూ అనరు, నేనూ అనను. ఆల్కహాలుతో చిక్కగా లాగిన ఎక్స్‌ట్రాక్ట్ కూడా నా దృష్టిలో కొత్త మందే, తిండి కాదు. ఎలుకకి పని అక్కడుంది. కావా అనే పసిఫిక్ దీవుల వేరు సంగతి చూడండి. ఎలుకల మేజ్ పాసైంది, మనుషుల్లోనూ ఆందోళన తగ్గించినట్టే కనిపించింది. తర్వాత కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాయి, 2002లో జర్మనీ ఆపేసింది. మన అశ్వగంధకీ కాలేయం కేసులు వస్తున్నాయి, హార్మోన్లకీ, గర్భానికీ ముప్పు ఉండొచ్చని 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. ఆ నిషేధం సరైందేనా అన్నది వేరే గొడవ. కానీ ప్లస్ ఆకారపు చెక్క మీద కాలేయం కనపడదు. నెలల తరబడి ఇచ్చి కాలేయం చూడటం, కడుపుతో ఉన్న ఎలుకల్లో పిండానికేమవుతుందో చూడటం, ఫ్లుమాజెనిల్ లాంటి డయాజిపామ్ విరుగుడు మందుతో అడ్డుకట్ట వేసి ఆకు ఏ దారిలో పనిచేస్తుందో వెతకడం, ఇవి చెయ్యండి. వీటికి ఎలుకలు చచ్చినా అర్థం ఉంది. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే చెప్పారు: వీలైతే జంతువుని వాడొద్దు, తప్పకపోతే తక్కువ వాడండి, వాడినా బాధ తగ్గించండి. మన ఎథిక్స్ కమిటీ ఫారాల్లో ఆ మూడు ప్రశ్నలూ ఉంటాయి. "వేరే దారి ఉందా?" అన్న గడిలో "లేదు" అని ఏళ్ల తరబడి నింపుతూనే ఉన్నాం.

ఇప్పుడు పిల్లల ప్రాజెక్టుల సంగతి. ఎలుకలే ఎందుకు నడుస్తున్నాయంటే ఎం.ఫార్మసీ రెండేళ్లు, అందులో ప్రాజెక్టుకి దొరికేది చివరి రెండు సెమిస్టర్లు. ఎలుకలొచ్చాక పది రోజుల్లో పట్టికలు రెడీ. మనుషుల ట్రయల్ అంటే ఎథిక్స్ కమిటీ, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్టర్‌లో ముందస్తు నమోదు, ఒక సైకియాట్రిస్టు తోడు, వచ్చిన మనిషి మళ్లీ వస్తాడో రాడో అన్న బెంగ. ఒక బ్యాచ్ వల్ల కాదు, నిజమే. అయితే ఒకే ఆకుని నాలుగు బ్యాచ్‌లు ఎందుకు పట్టుకోకూడదు? మొదటి బ్యాచ్ మొక్కని వృక్షశాస్త్రజ్ఞుడితో గుర్తింపజేసి నమూనా దాచాలి. ఈ పని తేలిక అనుకోవద్దు, శంఖపుష్పి పేరుతో అంగళ్లలో కనీసం మూడు వేరువేరు మొక్కలు అమ్ముతున్నారు. అదే బ్యాచ్, సరస్వతాకైతే, ఆకులో ఏషియాటికోసైడ్ అనే రసాయనం ఎంతుందో కొలిచి పెట్టాలి, వానాకాలం ఆకుకీ ఎండాకాలం ఆకుకీ తేడా చూడాలి. రెండో బ్యాచ్ ఆరోగ్యవంతుల్లో చూడాలి. మూడో, నాలుగో బ్యాచ్‌లు ఆందోళన కాస్త కాస్తగా ఉన్నవాళ్లలో, వాళ్ల మందులు ఆపకుండా, రెండు నెలలు. జీఏడీ-7 అని ఆందోళన కొలిచే ఏడు ప్రశ్నల కాగితం ఉంది, 0 నుంచి 21 దాకా మార్కులు, పది నిమిషాలు కూడా పట్టదు. ఏమీ తేలకపోతే తేలలేదని అచ్చువెయ్యాలి. మన దగ్గర ఫెయిలైన ఆకు గురించి ఒక్క కాగితం లేదు. అందుకే ఏ ఆకు పాసైందన్నా నాకు నమ్మకం కుదరదు.

పక్క కాలేజీలో ఇద్దరు, ఒక డాక్టర్ మిత్రుడు, నేను కలిసి దీని మీద కూర్చుంటున్నాం. డబ్బు సంగతి తేలలేదు, ఎథిక్స్ కమిటీకి కాగితాలు ఇంకా పోలేదు. ప్రస్తుతం తగువంతా ఉత్తుత్తి క్యాప్సూల్ గురించే. రోజుకి 3 గ్రాముల ఆకుపొడి అంటే ఆరు క్యాప్సూళ్లు. రెండో గుంపుకీ అవే ఆరు, అదే ఆకుపచ్చ, అదే వాసన ఉండాలి. తోటకూర పొడి నింపుదామని ఒకాయన. అది తింటే మాత్రం ఏ గుణమూ ఉండదని నీకెవరు చెప్పారు అని ఇంకొకాయన. బియ్యప్పిండిలో రంగు కలిపి, ముదురు రంగు గుల్లలో పెడదామని నేను. వాసన పట్టేస్తారండీ, మనవాళ్లు గుల్ల విప్పి చూడందే మింగుతారా అని డాక్టర్ గారు.